ఇటలీ ఇంజను మీద నా ఎర్ర గీత

ఆ రోజులల్ల నా అంగి జేబుల దువ్వెన లేకున్నా నడిచేది గని వెర్నియర్ లేకుంటే నడవకపోయేది. తెల్వనోళ్ళకు ఒక్క ముక్కల చెప్త: అదొక స్టీలు స్కేలు, దానికి రెండు దవడలుంటయి, ఆ దవడల నడుమ ఏది పెట్టినా దాని కొలత ఉన్నదున్నట్టు కక్కుతది. ఐటిఐ పాసై పటాన్‌చెరుల ఒక చిన్న మిషన్ షాపుల ఇన్‌స్పెక్షన్ పనికి కుదిరిన. ఆరు నెలలు పని చూసి పర్మనెంట్ చేస్తమన్నరు. ఆ ఆరు నెలలు నిండకముందే లోకంల ఉన్న వస్తువులన్ని కొలత తప్పి పుట్టినట్టు నాకు కనవడవట్టినయి. హోటల్ల ఇడ్లి వస్తే మందం చూసేటోన్ని. కిరాయి రూముల దోస్తులు చాయ పోసుకుంటే ఎవరి గ్లాసుల ఎంత ఎత్తున్నదో కొలిసి కొట్లాట పెట్టేటోన్ని. ఒక ఐతారం ఊరికి పోయి, మా అమ్మ చేసిన జొన్నరొట్టె ఒకదిక్కు మందం, ఒకదిక్కు పలుచ ఉన్నదని కొలిసి మరీ చూపెట్టిన. (అమ్మ ఆ రొట్టె నా పళ్ళెంలకెళ్ళి తీసి నాయిన పళ్ళెంల ఏసి, "నువ్వు కొలుసుకుంట కూసో బిడ్డా" అన్నది.) ఇప్పుడు తలుసుకుంటే ఆ పిలగాన్ని పట్టుకొని రెండు మొట్టాలనిపిస్తది, జెర ముద్దు గూడ వస్తది.

మా షాపు ఫోర్మన్‌ను అందరు మైక్రాన్ సాబ్ అంటుండిరి. మైక్రాన్ అంటే మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందుల ఒక ముక్క. సాబ్‌కు కోపమొచ్చినా సంబురమొచ్చినా ఆ ముక్కల లెక్కనే మాట్లాడేటోడు. నాకు పని నేర్పింది ఆయననే. ఆయన పెట్టిన రివాజు ఒకటుండె. కొలతకు రాని పీసు మీద ఇన్‌స్పెక్షనోడు ఎర్ర రంగుతోని గీత కొట్టి, పక్కన తన పేరు మొదటి అక్షరం రాయాలె. ఎర్రది పడ్డ పీసులన్ని శనివారం మూడు గంటలు గొట్టంగ షెడ్డు ఎనుక పేర్చి, అందరి ముందట సమ్మెటతోని పలగ్గొట్టాలె. లేకుంటే నెలాఖరుకు మాల్ తక్కువ పడ్డప్పుడు ఎవడో ఒకడు కిరోసిన్ గుడ్డతోని ఆ ఎర్ర తుడిసి మంచివాటిల కలుపుతడని సాబ్ భయం. సమ్మెట పట్టేది పహిల్వాన్ భయ్యా. బీహార్ నుంచి వచ్చి మా దగ్గర పోత పీసులు మోసేటోడు, రెండు చేతులతోని మనం కదిలియ్యలేనిది ఒక్క చేతితోని భుజానికెత్తుకునేటోడు. పలగ్గొట్టే ముందు సాబ్ రిజిస్టర్ చదువుతడు: ఏం పీసు, ఏం తప్పు, పట్టిందెవరు. నా పేరు ఎన్నిసార్లు వినవడితే నాకు అంత ఖుషీ. "ఈ పిలగాడు కొట్టిన ఎర్ర ఒక్కటి గూడ ఇప్పటిదాక తప్పని వాపస్ కాలే" అని సాబ్ ఒకసారి షాపు ఓనరు సేటు ముందట అన్నడు. ఆ మాట పట్టుకొని నేను వారం దినాలు నేల మీద నడవలే.

గట్ల గాల్ల తేలుతున్నప్పుడు ఒక బుధవారం డాక్టరమ్మ వచ్చింది. పళ్ళ డాక్టరు, యాభై దాటినయి, అమీన్‌పూర్ చెరువు దిక్కు ఇల్లు. ట్రాలీ ఆటోల డ్రైవర్ పక్కన కూసోని, ఎనుక పాత రగ్గుల సుట్టిన ఇంజను బ్లాకు తెచ్చింది. బ్లాకంటే ఇంజను మొండెం, పిస్టన్లు ఎక్కి దిగే బోర్లు అందులనే ఉంటయి. అది వాళ్ళ నాయిన కొన్న పాత ఇటలీ కారుదట. ఆమె డ్రైవింగ్ నేర్సుకున్నది ఆ కారు మీదనే. ఏండ్ల సంది షెడ్డుల పడి ఉండి, చెమ్మకు బ్లాకు పైమొఖం గుంటలు గుంటలు పడ్డది. దాన్ని మిషన్ మీద సాపు చేసియ్యాలె, పని గంతే.

"బేటా, ఇది మామూలు ఇంజను కాదు," అన్నది. "దీని బోర్లు వేరే తీర్గ ఉంటయి. మీ సాబ్‌తోని ఒకసారి మాట్లాడుత."

సాబ్ లేడు. బిడ్డ పెండ్లి పనులకు మూడు రోజులు సెలవు పెట్టి పోయిండు.

"సాబ్ శనివారం వస్తడమ్మా. నేనున్న గద," అన్న.

"నీకు ఇసొంటి ఇంజను ఎరుకేనా?"

"ఇంజనంటే ఇంజనే అమ్మా. ఇటలీదైతేంది, ఇస్నాపూర్‌దైతేంది."

ఆమె నన్ను ఎగాదిగ చూసింది. పళ్ళ డాక్టర్లు నోరు తెరువుమనే ముందు గట్లనే చూస్తరు. "ఇది పోతే ఇంకోటి దొరకది బేటా. నేను మా నాయిన కారు ఇంకోసారి తోలాల్నంటే ఇదే దిక్కు," అని, సోమవారం వస్తనని చెప్పి ఆటో ఎక్కింది.

రగ్గు ఇప్పి చూస్తే నాకు మొదలే నచ్చలే. నాలుగు బోర్లు నేను చూసిన ఇంజన్ల లెక్క ఒక్క బారున లేవు. ఒకటి ఇటు, ఒకటి అటు, మళ్ళొకటి ఇటు. ఎవడో తాగొచ్చి బోర్లు కొట్టిండు అనుకున్న. మిషన్ ఎక్కే ముందు ఏ పీసైనా కొలిసి రాయాలె, అది రూలు. బోర్ లోపలికి దింపి కొలిసే గేజీ సాబ్ అల్మారాల ఉన్నది, అల్మారా తాళం సాబ్ జేబుల ఉన్నది, సాబ్ పెండ్లి వంటోళ్ళ దగ్గర ఉన్నడు. మూడు రోజులు ఆగొచ్చు. ఆగితే నేను నేనెట్లయిత. జేబులకెళ్ళి వెర్నియర్ తీసి బోర్ మూతి కాడ నిలువు కొలిసిన, అడ్డం కొలిసిన. అడ్డం అర మిల్లీమీటరు ఎక్కువొచ్చింది. (మీకు అర మిల్లీమీటరంటే ఏం లేదు. మాకు దాంట్లకెళ్ళి బర్రె దూరిపోతది.) రెండోది కొలిసిన, గంతే. మూడోది, నాలుగోది, గంతే. అరిగిపోయిన బోర్లు గుండ్రతనం పోయి అడ్డంకే సాగుతయని ఐటిఐల సారు చెప్పింది నోట్సుల రాసుకున్నోన్ని నేను. నాలుగు బోర్లు అచ్చం ఒక్కతీర్గ, ఒక్క అర మిల్లీమీటరే ఎట్ల అరిగినయని అడగాలె గద నా బుర్ర. అడగలే. అడిగితే ఈ ముచ్చటే లేకపోవు.

ఇంకొక తప్పు గూడ చేసిన, అది బుర్ర తప్పు కాదు, బుద్ధి తప్పు. బయటి పార్టీల మాల్‌ల తప్పు కనవడితే పసుపు చీటి కట్టి పక్కకు పెట్టాలె, వాళ్ళొచ్చి తీస్కపోతరు. ఎర్ర రంగు మా సొంత పీసులకే. గని పసుపు చీటి కడితే శనివారం రిజిస్టర్ల నా పేరు చదువరు. ఇటలీ దేశపు ఇంజనుల తప్పు పట్టి, అది నలుగురికి తెల్వకుంటే ఏం ఫాయిదా. బ్రష్షు డబ్బల ముంచి, బ్లాకు పక్కపొంటి ఈ కొసకెళ్ళి ఆ కొసదాక ఎర్రగ ఒక్కటే గీత కొట్టిన. పక్కన నా అక్షరం రోజు రాసేదానికంటే పెద్దగ రాసిన. రిజిస్టర్ల "ఇంజను బ్లాకు, నాలుగు బోర్లు గుండ్రం లేవు, పనికిరాదు" అని ఎక్కించి, బయటి పార్టీదని మాత్రం రాయక, పహిల్వాన్ భయ్యాను పిలిసి ఎర్ర కుప్పల పెట్టిపిచ్చిన.

తీరా శనివారం నేనే సెలవు పెట్టాల్సొచ్చింది. సంగారెడ్డి అవుతల కొండాపూర్ దిక్కు మా ఊర్ల మాకు రెండెకరాల చెరుకుండె, నరుకుడు రోజు ఒక మనిషి తక్కువైనా కష్టమని నాయిన రమ్మన్నడు. పొద్దుగాల సంది నరికి నరికి, అన్నాలకు ముందు గట్టు మీద కూసున్నం. నాయిన ఒక లావుపాటి గడ పట్టుకొని కత్తితోని ఏటవాలుగ ఒక్క ఏటు ఏసి, ముక్క నా చేతిల పెట్టిండు. తినేటోన్ని తినక జేబులకెళ్ళి వెర్నియర్ తీసిన. (నరుకుడుకు గూడ తెచ్చుకున్న, ఏం చెప్పాలె.) కోసిన మొఖం మీద కొలిస్తే ఒకదిక్కు ఎక్కువ, ఒకదిక్కు తక్కువ.

"నాయినా, ఈ గడ గుండ్రం లేదే," అన్న.

నాయిన నా దిక్కు చూసిండు. మీ అమ్మ చెప్పింది నిజమే అన్నట్టున్నది ఆ చూపు. "గడ గుండ్రమే ఉన్నది. కోత ఏటవాలున్నది," అన్నడు. నా చేతిలది గుంజుకొని, అదే ముక్కను ఇంకో కొసకు సక్కగ అడ్డం నరికి ఇచ్చిండు. "ఇగో, ఇప్పుడు కొలువు."

కొలిసిన. ఎటు కొలిసినా ఒక్కటే. వెర్నియర్ చేతిల అట్లనే ఉండిపోయింది. డాక్టరమ్మ అన్న మాట అప్పుడు చెవుల మోగింది: బోర్లు వేరే తీర్గ ఉంటయి. అవి బ్లాకుల నిట్టనిలువుగ లేవు, ఏటవాలుగ దిగినయి. పైమొఖం వాటిని ఏటవాలుగ కోసింది, అందుకే మూతి కాడ సాగినట్టు కనవడ్డది. బోర్లు గుండ్రంగనే ఉన్నయి, కొలిసినోడే వంకర. టైం చూస్తే పన్నెండున్నర. మూడు గొట్టంగ సమ్మెట లేస్తది.

ఊర్ల ఉన్న ఒక్క ఫోను కాడికి ఉరికి షాపుకు కొట్టిన. శనివారం ఫోనెత్తే క్లర్కు పన్నెండుకే పోతడు, ఒట్టిగ మోగింది. అబద్ధమెందుకు, రిసీవర్ పెట్టినంక ఒక్క నిమిషం ఊకుందామా అనిపించింది. పోకుంటే ఏమైతది? బ్లాకు పలుగుతది, అరిగిపోయిన ఇంజనే గదా అని అందరు నమ్ముతరు, నా ఎర్ర వాపస్ కాలేదన్న పేరు అట్లనే ఉంటది. పోతే అందరి ముందట నా గీత నేనే తప్పనాలె, సేటు ముందట సాబ్ అన్న మాట పోతది, పర్మనెంట్ సంగతి దేవుడెరుగు. గని డాక్టరమ్మ రగ్గు సుట్టిన తీరు కండ్ల ముందట తిరిగింది. నాయిన నరికిన ముక్క చంకల పెట్టుకొని, అప్పుడే కదులుతున్న చెరుకు ట్రాక్టర్ ఎక్కిన.

చెరుకు ట్రాక్టర్ మీద అర్జెంటు పనికి పోయినోడు లోకంల నేనొక్కన్నే కావచ్చు. మాకంటే ముందు బర్రెలు పోయినయి, సైకిల్ మీద ముసలాయన పోయిండు. సంగారెడ్డి చౌరస్త కాడ దుంకి పటాన్‌చెరు బస్సు ఎక్కితే నిలవడ జాగ లేదు. ముగ్గురు కూసున్న సీటు కాడ ఒక పెద్దమ్మ, "జెర జరుగుండ్రి, పిలగాడు చెమటలు కక్కుతుండు" అని నన్ను నాలుగోవాన్ని చేసింది. భుజాలు తాకుతుంటే ఆమెనే సర్దింది: "నువ్వు జెర ముందుకు, నేను జెర ఎనుకకు, ఆయన ముందుకు, ఆమె ఎనుకకు." నలుగురం ముగ్గురి జాగల మంచిగ పట్టినం. ఇస్నాపూర్ దాటేదాక నేను ఆ భుజాల దిక్కే చూసిన. ఒకటి ఇటు, ఒకటి అటు. ఆ ఇటలీవాడు తాగి బోర్లు కొట్టలే. నాలుగు సిలిండర్లను, అంటే ఆ బోర్లనే, మూడింటి జాగల కూసోవెట్టిండు. అప్పటిదాక సిగ్గుతోని సచ్చిపోతున్నోన్ని, ఆ మనిషెవడో నా ముందట ఉంటే కాళ్ళు మొక్కుదామన్నంత సంబురమైంది. (కండక్టర్ చెరుకు ముక్క చూసి, "ఇది లగేజా, ఫలహారమా?" అన్నడు. సాక్ష్యం అన్న. వానికి సమజ్ కాలే.)

షాపు గేటు కాడికి ఉరికేసరికి మూడు దాటింది. షెడ్డు ఎనుకకెళ్ళి పలుగుతున్న సప్పుడు వినవడుతుంది. మూల తిరిగి చూస్తే మా సొంత పీసులన్ని ముక్కలై పడి ఉన్నయి, నా బ్లాకు ఒక్కటే మిగిలింది. పహిల్వాన్ భయ్యా సమ్మెట భుజాన పెట్టుకొని దాని సుట్టు ఒకసారి తిరిగి, "సాబ్, యే తో బహుత్ బఢియా చీజ్ హై. సచ్ మే తోడ్నా హై?" అని, గింత మంచి దాన్ని నిజంగనే పలగ్గొట్టాల్నా అన్నట్టు అడిగిండు. మైక్రాన్ సాబ్ గూడ దాని దిక్కు వంగి చూస్తుండు, ఆయన మనసు ఒప్పుకుంటలేదని మొఖం మీదనే కనవడ్తుంది. నిటారుగ లేసి రిజిస్టర్ మూసిండు. "మా పిలగాడు కొట్టిన ఎర్ర అది. వాడు ఊకె కొట్టడు. పలగ్గొట్టు," అన్నడు.

ఆ మాట విన్నంక నేను ఆగలే. "ఆపుండ్రి, అది మంచిదే," అని ఒర్లిన. లేసిన సమ్మెట మెల్లగ కిందికి దిగింది. పదకొండు మంది నా దిక్కు తిరిగిండ్రు. మట్టి కాళ్ళు, చంకల చెరుకు ముక్క.

"మంచిదైతే ఎర్ర ఎవరు కొట్టిండ్రు?" అన్నడు సాబ్.

"నేనే సాబ్."

"మరి తప్పు ఎక్కడున్నది?"

"నా తాన ఉన్నది సాబ్."

సాబ్ తిడితే బాగుండనిపించింది. ఆయన బ్లాకు దిక్కు చెయ్యి చూపి, "చూపెట్టు," అన్నడు. అందరి ముందట చెరుకు ముక్క ఏటవాలు కొస కొలిసి చూపెట్టిన, అడ్డం కోసిన కొస కొలిసి చూపెట్టిన. నాయిన చెప్పిన మాటే చెప్పిన: గడ గుండ్రం, కోత ఏటవాలు. సాబ్ జేబులకెళ్ళి తాళం తీసి, అల్మారాల ఉన్న గేజీ ఆయననే తెచ్చిండు. బోర్ ఎటు వాలిందో అటు వంచి లోపలికి దింపిండు. ముల్లు కదలలే. నాలుగు బోర్లు చూసిండు, నాలుగిట్ల ముల్లు కదలలే. "రెండు మైక్రాన్లు గూడ లేదు," అన్నడు గొంతు తగ్గించి, గుళ్ళె మాట్లాడినట్టు. తర్వాత నా చేతులకెళ్ళి చెరుకు ముక్క తీసుకొని, దాని దిక్కు అటు ఇటు చూసి, పళ్ళతోని పొట్టు తీసి నమలవట్టిండు. "సాక్ష్యం తియ్యగున్నది" అని నవ్విండు. రిజిస్టర్ నా ముందట పెట్టి, "నీ చేతితోనే రాయి," అన్నడు. "పీసు మంచిది, కొలిసినోడు తప్పు" అని రాసి సంతకం పెట్టిన. ఆ రిజిస్టర్ల వాపస్ అయిన మొదటి ఎర్ర నాదే.

సోమవారం డాక్టరమ్మ వచ్చినప్పుడు ఆమెకు చెప్పే పని గూడ సాబ్ నాకే పెట్టిండు. పసుపు చీటి కాడికెళ్ళి సమ్మెట దాక ఒక్కటి దాసకుండ చెప్పిన. ఆమె వంగి ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి ఈ కొసకెళ్ళి ఆ కొసదాక గుంజింది. "నేను కొత్తగ ప్రాక్టీసు పెట్టినప్పుడు ఒకాయనకు మంచి పన్ను పీకిన బేటా," అన్నది. "పుచ్చిపోయింది పక్కనున్నది. దాన్ని మళ్ళ పెట్టరాలే. నీది నయం గద." నేను కిరోసిన్ గుడ్డ పట్టుకొని తుడువ పోతే ఆపింది. "ఉండనీ. మా నాయిన ఉంటే మస్తు నవ్వేటోడు."

పైమొఖం సాబ్ సొంత చేతులతోని సాపు చేసిండు. రెండు నెలలకు ఒకరోజు చాయ టైముల గేటు కాడ ఒక మీగడ రంగు కారు వచ్చి ఆగింది, డాక్టరమ్మ దిగింది. బానెట్ నన్నే ఎత్తుమన్నది. లోపల ఇంజను ఇంతే ఉన్నది, ఒకదిక్కు వాలి పండుకున్నట్టున్నది, దాని పక్కపొంటి నా ఎర్ర గీత, నా అక్షరం. చెయ్యి పెట్టి చూపెట్టుకుంట చెప్పింది: మామూలుగ రెండు వరుసల సిలిండర్లుంటే రెండు మూతలు కావాలె. ఆ ఇటలీవాళ్ళు రెండు వరుసలను ఒకదాని పక్కకు ఒకటి ఎంత దగ్గరికి జరిపిండ్రంటే రెండిటికి ఒక్కటే మూత సరిపోయింది. నేను బస్సుల భుజాల ముచ్చట చెప్పిన. "నలభై ఏండ్ల సంది ఈ ఇంజను చూస్తున్న, నాకెవరు ఇట్ల చెప్పలే," అన్నది. ఆ మాట నాకు ఇప్పటికి గర్వమే, దాసుకునేదేం లేదు. ఆ తర్వాత నన్ను పక్కన కూసోవెట్టుకొని హైవే మీద ఇస్నాపూర్ దాక తోలింది. ఆమె నవ్వుతుంది, కండ్లల్ల నీళ్ళు గూడ ఉన్నయి, నేను చూడనట్టు స్పీడు ముల్లు దిక్కు చూసిన. ఆ నెల్లనే సేటు నన్ను పర్మనెంట్ చేసిండు. సాబ్ ఏం చెప్పిండో తెల్వదు, అడిగితే "ఒక మైక్రాన్ పెరిగినవ్" అన్నడు గంతే.

గప్పటికెళ్ళి నాకు ఇటలీ ఇంజన్ల పిచ్చి పట్టింది. ఒకడు సిలిండర్లను నేలబారుగ పండవెట్టిండు, ఒకడు ఇంజనునే అడ్డం తిప్పి పెట్టిండు, ఇంకొకడు ఇంజను ముందట ఉంచి గేర్‌బాక్సును ఎనుక చక్రాల కాడికి కొంటపోయిండు. వాళ్ళ బొమ్మలు కోసి రూము గోడకు అంటిస్తే, దోస్తులు హీరోయిన్ల ఫోటోలకు జాగ లేదని లొల్లి పెట్టిండ్రు. ఇంట్ల అమ్మకు ఒకటి చూపెట్టిన. "మంచిగున్నది బిడ్డా, రొట్టె కంటే గుండ్రమున్నదా?" అన్నది.

ఇప్పుడు అదే షాపుల ఇన్‌స్పెక్షన్ అంత నాకిందనే నడుస్తుంది. మూడు వారాల కింద డాక్టరమ్మ మనుమరాలు ఆ బ్లాకు మళ్ళొకసారి పైమొఖం సాపు చెయ్యనీకి తెచ్చింది. (ఇప్పుడు కారు తోలేది మనుమరాలే. డాక్టరమ్మ పక్కన కూసోని గేర్ మార్చుడుకు తప్పులు పడ్తదట.) నేను మీటింగుల ఉంటే, చేరి నాలుగు నెలలైన ట్రైనీ అమ్మాయి దాన్ని దించుకున్నది. గంట తర్వాత నా టేబుల్ కాడికొచ్చింది. అంగి జేబుల వెర్నియర్, ఎడమ చేతిల ఎర్ర రంగు డబ్బ.

"సార్, నాలుగు బోర్లు గుండ్రం లేవు. అర మిల్లీమీటరు తేడా," అన్నది. మొఖం వెలిగిపోతుంది. "పైగా దీన్ని ఎవరో ఎప్పుడో రిజెక్ట్ కొట్టిండ్రు సార్. పక్కన అక్షరం గూడ ఉన్నది, సగం చెరిగిపోయింది. ఎవరు సార్ అది?"

"ఎవరో మస్తు తెలివిగల పిలగాడు ఉండెనమ్మా ఆ రోజులల్ల," అన్న. రంగు డబ్బ మెల్లగ ఆమె చేతులకెళ్ళి తీసి నా టేబుల్ కింద పెట్టుకున్న. పైసలిచ్చి, గేటు అవుతల ఉన్న చెరుకు బండి కాడికి పోయి రమ్మన్న. ఆమె నాలుగడుగులు పోయినంక గుర్తొచ్చి ఎనుకనుంచి చెప్పిన, రసం వద్దు, గడ పట్టుకరా అని.